మేడమ్ ఆపి ఉంచిన కార్డు

మా మేడమ్ పోయారు. కొన్నాళ్ళు ఆగి, మనసు కుదుటపడ్డాక ఆవిడ గురించి రాద్దామనుకున్నాను. ఆగడానికి లేదు. యూనివర్సిటీలో ఆవిడ గదిని నెలాఖరుకి ఖాళీ చేయాలట. అందులో పదకొండు చెక్క సొరుగుల నిండా కార్డులున్నాయి. ఎవరూ అడగకపోతే అవి పాత కాగితాల వాడికి వెళ్ళిపోతాయి. ఆ కార్డుల్లో ఒకటి నేను రాసింది, అందులో ఉన్నది అబద్ధం. ఆ సంగతి నేను చెప్పకముందే ఆవిడ వెళ్ళిపోయారు. అందుకే ఇప్పుడు రాస్తున్నాను.

కబురు మా విభాగం అటెండరు ఫోన్‌లో చెప్పాడు. విద్యార్థులందరికీ ఆయన బాబాయే. గోపాలపట్నంలో నేను పాఠం చెప్పే కాలేజీకి ఫోన్ చేసి పిలిపించాడు.

"అమ్మా, మేడమ్ గోరు మరి లేరమ్మా. పొద్దున్న పాలపాకెట్టు గుమ్మంలోనే ఉండిపోతే పక్కింటోళ్ళు తలుపు కొట్టారంట."

"ఎవరెవరు వచ్చారు బాబాయ్?"

"నువ్వు బేగి రా" అన్నాడు.

నేను వెళ్ళేసరికి వరండాలో పదిమంది లేరు. వాళ్ళలో సగం ఇరుగుపొరుగు. ఇన్నేళ్ళు ఇన్ని తరగతులకు పాఠం చెప్పిన మనిషి ఇంటి ముందు, ఎండ పడకుండా నిలబడడానికి అందరికీ చోటు సరిపోయింది.

మేడమ్ ఎంబీయే వాళ్ళకి ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చెప్పేవారు. పరిశోధన ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ మీద. తొంభైల చివర ఆ మాట వింటే మాకు రోబోలు గుర్తొచ్చేవి. ఆవిడ మొదటి రోజే ఆ సరదా తీసేశారు. "బాగా పని తెలిసిన మనిషి బుర్రలో ఉన్నదాన్ని 'ఇలా ఉంటే అలా చెయ్యి' అనే వాక్యాలుగా రాసి యంత్రానికి ఇస్తాం. అంతే. యంత్రం సులువు. ఆ మనిషి చేత చెప్పించడమే కష్టం" అన్నారు.

మేడమ్ గదే మా కంప్యూటర్ గది కూడా. అందులో చల్లటి గాలి యంత్రం ఉండేది. దుమ్ము పడకూడదని చెప్పులు బయట విడవాలి. మేడమ్‌వి నల్లటి తోలు చెప్పులు, మడమల దగ్గర అరిగినవి. ఏ పూట వెళ్ళినా గుమ్మం పక్కన ఆ జత ఒక్కటే ఉండేది. తోటి అధ్యాపకులు కాఫీకి వెళ్ళే వేళకి ఆవిడ లోపల ఒక్కరే కూర్చుని, టిఫిన్ డబ్బా మూత మీదే పెరుగన్నం తింటూ, రెండో చేత్తో కార్డులు సర్దుకునేవారు.

మొదటి క్లాసులో అందరినీ ఒకే ప్రశ్న అడిగారు. "మీ ఇంట్లో బాగా పని తెలిసినవాళ్ళు ఎవరు?" కూర్మన్నపాలెం నుంచి వచ్చే అబ్బాయి వాళ్ళ నాన్న ఉక్కు ఫ్యాక్టరీలో కొలిమి దగ్గర పని అన్నాడు. ఇంకో అమ్మాయి వాళ్ళ మామయ్య పోర్టులో క్రేను తోలతాడంది. నా వంతు వచ్చింది.

"మా నాన్నది వ్యాపారం మేడమ్."

"ఏం వ్యాపారం?"

"చేపలు."

వెనక బెంచీలోంచి ఎవరో, "ఎగుమతా, గంపా?" అన్నారు. నవ్వులు. నాకు చెవులు వేడెక్కాయి. మా ఇంట్లో బడి మెట్టెక్కిన మొదటి మనిషిని నేను. మా నాన్న తెప్ప వేసుకుని సముద్రం మీదికి వెళ్తాడు, మా అమ్మ గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరుగుతుంది. ఈ రెండు వాక్యాలు ఆ గదిలో చెప్పడం నాకు చేతకాలేదు.

మేడమ్ నవ్విన వాళ్ళ వైపు చూడలేదు. నన్నే చూసి, "సముద్రం మీదికి వెళ్తారా ఆయన? నన్ను వాళ్ళ దగ్గరికి తీసుకెళ్తావా?" అని అడిగారు. ఎప్పటినుంచో వెతుకుతున్న మనిషి చిరునామా దొరికినట్టు అడిగారు.

అలా వచ్చారు మా పేటకి. గంజి పెట్టిన నేత చీర, భుజాన సంచీ, సంచీలో క్యాసెట్ రికార్డరు. అమ్మ కుర్చీ తెప్పించబోతే వద్దని ఇసకలో కూర్చున్నారు. నాన్న వల బాగుచేసుకుంటున్నాడు. పక్క తెప్ప మీది మామ ఊరుకోలేదు.

"ఏటి బావా, మేడమ్ గోరు నీ బుర్రలో ఉన్న సంద్రమంతా ఆ డబ్బాలోకి తోడేత్తారంట!"

"తోడీనీరా. ఉప్పు మిగుల్తాది. నీకు కూరలోకి పనికొత్తాది" అన్నాడు నాన్న.

మేడమ్ పెద్దగా నవ్వారు. క్లాసులో ఆ నవ్వు మేమెప్పుడూ వినలేదు.

ఆవిడ కృష్ణా జిల్లా మాట, నాన్న మాట మొదట కలవలేదు. మధ్యలో నేను. "ఏ గాలికి ఏ చేప దొరుకుతుందండీ?" అని ఆవిడ అడిగితే, నాన్న "గాలొక్కటే సూసుకుంటే ఎలాగమ్మా, నీరు ఎటు లాగుతందో సూడాల గదా" అనేవాడు. కవ్వ చేపలు ఎప్పుడు గుంపు కడతాయి, వంజరానికి ఏ వల, నీటి రంగు మారితే అడుగున ఏముందనుకోవాలి, అన్నీ అడిగేవారు. ప్రశ్న అడిగాక మాత్రం ఎంతసేపైనా ఊరుకునేవారు. నాన్న జవాబు చెప్పడం అయిపోయిందని మేమనుకున్నాక కూడా ఇంకో నాలుగు అలలు విరిగేదాకా ఆగి, అప్పుడు "ఇంకేమైనా ఉందా?" అనేవారు. చాలాసార్లు ఉండేది.

కార్డు పద్ధతి ఆవిడ సొంతం. పైన "ఇలా ఉంటే", దాని కింద "అలా". అడుగున ఎడమవైపు చెప్పినవారి పేరు, కుడివైపు ఎంత నమ్మకమో. పుస్తకాల్లో నమ్మకానికి అంకెలు వేస్తారు. మేడమ్ అంకెలు ఒప్పుకునేవారు కాదు. ఖాయం, చాలావరకు, తెలీదు. ఈ మూడింట్లో ఒకటి రాయాలి. "తెలీదు అని రాసిన కార్డు తెచ్చినవాళ్ళకి మార్కులు తగ్గించను, ఎక్కువే వేస్తాను" అని చెప్పేవారు. మేమెవరం నమ్మలేదు. చిన్నప్పటినుంచీ ఏ పరీక్షలోనూ తెలీదని రాసి నెగ్గినవాణ్ణి మేం చూడలేదు.

ఒక్కొక్కరూ ఇరవై కార్డులు ఇవ్వాలి. నాకు పందొమ్మిది అయ్యాయి. మా పేటకి వచ్చిన చివరి రోజు మేడమ్ నాన్నని ఒక ప్రశ్న అడిగారు. "లోపలికి వెళ్ళాక, గాలి తిరగకముందే, ఇక వెనక్కి వచ్చేయాలని ఎలా తెలుస్తుందండీ?"

ఇక్కడొక సంగతి చెప్పాలి. నేను మూడో తరగతిలో ఉండగా మా పెదనాన్న తెప్ప తిరిగి రాలేదు. అన్నదమ్ములిద్దరూ రెండు తెప్పల మీద ఒక్కసారే వెళ్ళారు. నాన్న ఒక్కడే వచ్చాడు. మా ఇంట్లో ఆ రోజు గురించి ఎవరూ మాట్లాడరు. మేడమ్‌కి ఇదేమీ తెలియదు.

నాన్న చేతిలో వల ఆగిపోయింది. నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయాడు. మేడమ్ అలవాటుగా ఆగారు. రికార్డరు తిరుగుతూనే ఉంది. చాలాసేపటికి నాన్న లేచి, "వల ఎండిపోతందమ్మా, తియ్యాల" అని వెళ్ళిపోయాడు. మేడమ్ ఆరోజు "ఇంకేమైనా ఉందా?" అని అడగలేదు. మీట నొక్కి, నెమ్మదిగా సంచీ సర్దుకున్నారు.

ఇంటికొచ్చి నేను ఇరవయ్యో కార్డు తీశాను. ఖాళీ పెట్టి ఇవ్వడానికి సిగ్గేసింది. క్లాసులో నవ్వినవాళ్ళు గుర్తొచ్చారు. కొలిమి దగ్గర పనిచేసే ఆ అబ్బాయి నాన్నకి అన్నీ తెలిసినప్పుడు మా నాన్నకి తెలియకపోవడమేమిటి అనిపించింది. నా పాత భూగోళం పుస్తకంలో చదివింది, రేడియోలో విన్నది కలిపి రాశాను. ఈశాన్యాన మబ్బు నల్లబడి, పిట్టలు ఒడ్డు వైపు తిరిగితే, వెంటనే వెనక్కి రావాలి. చెప్పినవారు: మా నాన్న. నమ్మకం: ఖాయం.

చక్కటి దస్తూరితో రాశాను. నాన్నని పదిమందిలో పైకెత్తాననే అనుకున్నాను.

నెల తర్వాత మేడమ్ మా ఇళ్ళవాళ్ళందరినీ ఆ గదికి పిలిచారు. వాళ్ళ మాటలతో కట్టిన ప్రోగ్రాం వాళ్ళే ముందు చూడాలని ఆవిడ పట్టుదల. నాన్న ఉతికిన చొక్కా వేసుకున్నాడు. ఎప్పుడూ ఉత్త కాళ్ళతో తిరిగే మనిషి, యూనివర్సిటీ అని చెప్పి పక్కింటి మామ దగ్గర చెప్పులు అడిగి తొడుక్కొచ్చాడు. గుమ్మం దగ్గర అటెండరు బాబాయి ఆపాడు.

"సెప్పులు ఇక్కడ ఇప్పీయాలి."

"ఓరి నాయనా! ఇప్పడానికేనేటి నాను ఈటిని అరువు తెచ్చుకున్నది?"

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నాన్న పక్కన నిలబడి, సిగ్గుపడకుండా నలుగురిలో నవ్వడం అదే మొదటిసారి.

తెర మీద ఇంగ్లీషులో ప్రశ్నలు వచ్చేవి. మేడమ్ తెలుగులో చదివి, నాన్న చెప్పిన జవాబు కొట్టేవారు. ఏ వల, ఏ చేప, ఏ గాలి. జవాబు వచ్చిన ప్రతిసారీ నాన్న తలూపాడు. "ఇది నా మాటే. యంతరం బాగానే ఇన్నాది" అని మురిసిపోయాడు. ఆఖరున మేడమ్, "ఈశాన్యాన మబ్బు నల్లగా ఉంది, పిట్టలు ఒడ్డు వైపు తిరిగాయి అనుకుందాం" అంటూ రెండు మీటలు నొక్కారు. తెర మీద వచ్చింది చదివారు. "వెంటనే వెనక్కి రావాలి. ఖాయం. చెప్పినవారు..." అని నాన్న పేరు చదివారు.

నాన్న తలూపలేదు. తెర వంక చూశాడు. తర్వాత నా వంక చూశాడు. మేడమ్ ఎప్పటిలాగే ఆగారు.

"ఔనండి మేడమ్ గోరూ" అన్నాడు నాన్న. "నాను సెప్పిందే."

మేడమ్ కళ్ళజోడు తీసి, చీర చెంగుతో తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. తర్వాతివాళ్ళని పిలిచారు.

ఇంటికి వెళ్తూ బీచ్ రోడ్డు మీద నాన్న చెప్పులు చేత్తో పట్టుకుని నడిచాడు. చాలా దూరం వెళ్ళాక అన్నాడు. "బాగా సదువుకున్నావమ్మా. నాకు తెలీనియి కూడా నాను సెప్పినట్టు రాసీగలవు." కోపంగా అనలేదు. కోప్పడి ఉంటే అక్కడే ఏడ్చేసి ఉండేదాన్ని. పక్కనే నడిచాను.

మర్నాడు మేడమ్ నన్ను పిలిచి, మార్కుల జాబితా చూపించి, "ఇంకేమైనా ఉందా?" అని అడిగారు.

"ఏం లేదు మేడమ్."

"సరే. తొందరేం లేదు."

ఆ తర్వాత చదువు ముగిసింది, గోపాలపట్నంలో ఉద్యోగం వచ్చింది. ఏడాదికి నాలుగైదుసార్లు వెళ్ళి కలిసేదాన్ని. నేను పెళ్ళి మాట చెప్పినా, జ్వరం మాట చెప్పినా, లేచే ముందు గుమ్మంలో ఆవిడ అడిగేది అదే. "ఇంకేమైనా ఉందా?" అందరినీ అలాగే అడుగుతారనుకున్నాను. లేదని చెప్పి బస్సెక్కేదాన్ని.

రెండు వేలు దాటాక అన్నీ మారిపోయాయి. కొత్త భవనంలో కొత్త కంప్యూటర్లు వచ్చాయి, అందరూ అటు వెళ్ళారు. పిల్లలకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు పనికొచ్చే పాఠాలు కావాలి. వెళ్ళి చేపలు పట్టేవాళ్ళని అడిగి రమ్మంటే విసుక్కున్నారు. ఆవిడ తరగతి ముప్ఫై మంది నుంచి ఆరుగురికి వచ్చింది. విభాగంలో ఒక పెద్దాయన నా ఎదురుగానే, "మీ మేడమ్ ఇంకా ఆ చేపల కార్డులు రాస్తోందా?" అని నవ్వాడు. నేనూ కాస్త నవ్వాను. ఆ నవ్వు కూడా ఆవిడకి చెప్పలేదు.

పాత గదిలో చల్లగాలి యంత్రం చెడిపోయింది, ఎవరూ బాగుచేయించలేదు. అయినా ఆవిడ చెప్పులు బయటే విడిచేవారు. "అలవాటు. లోపల పనివాళ్ళ మాటలున్నాయి కదా" అన్నారొకసారి. ఇంట్లో ఒక పేము కుర్చీ, గోడకి ఆనించి ఒక మడత కుర్చీ. నేను వెళితే మడత కుర్చీ తీసి వేసేవారు. కొని ఎన్నేళ్ళయిందో, దాని వెనక ప్లాస్టిక్ కవరు ఇంకా ఊడలేదు. "మీకు తోచదా మేడమ్?" అని అడిగేశాను ఒకరోజు. కొంచెంసేపు ఆలోచించి, "తోచదు" అన్నారు. అంతే. దాని మీద ఏ మాటా కప్పలేదు.

ఆవిడ పోయిన పదకొండో రోజున అటెండరు బాబాయి గది తాళం నా చేతికిచ్చాడు. "నీకంటే ఎవలికి తెలుస్తాదమ్మా, ఏటి ఉంచాలో ఏటి పారీయాలో." సొరుగుల మీద ఆవిడ దస్తూరిలో చీటీలు. చేపలు. క్రేను. కొలిమి. కుట్టుపని. ఊరగాయలు. చివరి సొరుగు మీద "ఆగినవి" అని ఉంది.

అందులో ముప్ఫై నలభై కార్డులు. పైనున్న రబ్బరు బ్యాండు ముట్టుకోగానే తెగిపోయింది. నాలుగోది నా కార్డు. నాన్న పేరు మీద పెన్సిల్‌తో సన్నటి గీత. "ఖాయం" మీద ఇంకో గీత. వెనకవైపు రెండు వాక్యాలు. "తండ్రిగారు ఊరుకున్నారు. అమ్మాయి చెప్పేదాకా ఆగాలి." కింద వేసిన తేదీ మా నాన్న ఆ గదికి వచ్చిన నాటి మర్నాటిది. ఆరోజే దాన్ని ప్రోగ్రాంలోంచి కూడా తీసేశారని పక్కనున్న నోటుపుస్తకంలో రాసి ఉంది.

క్యాసెట్ కూడా అక్కడే ఉంది. ఇంటికి తెచ్చి విన్నాను. మేడమ్ ప్రశ్న. తర్వాత అలలు. చాలా అలలు. వల ఎండిపోతందన్న నాన్న గొంతు. ఆ మధ్యలో ఒక్క మాట లేదు. పిట్టలూ లేవు, మబ్బూ లేదు. ఆవిడ అది విని, అంతా తెలిసి, ఇన్నేళ్ళపాటు గుమ్మంలో నిలబడి నన్ను ఒకే ప్రశ్న అడిగారు. నేను బస్సుకి వేళయిందన్నాను.

కిందటి ఆదివారం ఆ కార్డు పట్టుకుని మా పేటకి వెళ్ళాను. నాన్నకి ఇప్పుడు చూపు తగ్గింది, సముద్రం మీదికి వెళ్ళడం లేదు. ఇసకలో పక్కన కూర్చుని, నేను రాసింది మొత్తం చదివి వినిపించి, తప్పు రాశానన్నాను. మేడమ్ అడిగిన ప్రశ్నే మళ్ళీ అడిగాను. అడిగి, జీవితంలో మొదటిసారి, ఆగాను. ఎన్ని అలలో లెక్క తెలియదు.

"ఆ పొద్దు మా అన్న ఇంకొంచిం లోపలికి ఎల్దామన్నాడు" అన్నాడు నాన్న. "నాను వద్దనలేదు. తెలిత్తే వద్దందును గదా."

నేను ఊరుకున్నాను.

"తెలీదమ్మా. ఎలాగ తెలుస్తాదో నాకిప్పటికీ తెలీదు. ఆయేళ ఆ తల్లికి ఈ ముక్క సెప్పీవలిసింది. సెప్తే, నాను వద్దనకపోబట్టే మా అన్న పోయినట్టు అయిపోద్దేమో అనుకున్నాను."

ఇంకేమైనా ఉందా అని అడిగాను. లేదని తల అడ్డంగా ఊపి, నా చెయ్యి పట్టుకున్నాడు. కొత్త కార్డు తీసి, కింద ఆయన పేరు రాసి, నమ్మకం దగ్గర "తెలీదు" అని రాశాను. ఇరవయ్యో కార్డు ఇన్నేళ్ళకి పూర్తయింది. ఇవ్వడానికే మనిషి లేరు.

ఆగినవి సొరుగులో మిగతా కార్డులు మీవి. మేడమ్ దగ్గర చదువుకున్న మీరు ఎక్కడున్నా ఇది మీకోసమే. క్రేను కార్డు వెనక "ఇది మామయ్యగారు అనలేదు, పుస్తకంలోది" అని పెన్సిల్ రాత ఉంది. ఊరగాయ కార్డు వెనక "అమ్మమ్మగారు నవ్వి ఊరుకున్నారు" అని ఉంది. ఏ కార్డునీ ఆవిడ చింపలేదు, ఎవరినీ నిలదీయలేదు. మీ అందరి కోసం కూడా ఆగారు.

విభాగం పెద్దలు ఒక మాట ఒప్పుకున్నారు. రాసినవాళ్ళే వచ్చి సరిచేస్తే కార్డులన్నీ గ్రంథాలయంలో ఉంచుతారు, లేకపోతే తూకానికి వేస్తారు. కాబట్టి ఈ నెల ఇరవై అయిదో తారీకులోగా విభాగం చిరునామాకి నాలుగు ముక్కలు రాయండి. మీ కార్డులో ఏది పెద్దవాళ్ళ మాట, ఏది మీది, ఎక్కడ వాళ్ళు ఊరుకున్నారు. అడగడానికి ఆ పెద్దవాళ్ళు ఇప్పుడు లేకపోతే అదే రాయండి.

రాయలేకపోతే రండి. ఆ తారీకు దాకా ప్రతి సాయంత్రం నేను ఆ గదిలో ఉంటాను. గుమ్మం పక్కన ఒక్క జత చెప్పులు కనబడితే, అవి నావి. మీవి పక్కన విడిచి లోపలికి రండి.